మచ్చిక: ఒక మాటయు, దాని చుట్టములును



మన సంఘ పత్రికయందు సాధారణముగా ఎరువులు, విత్తనములు, అప్పు వాయిదాలు, పురుగుమందులు మొదలగు వానిని గూర్చియే వ్రాయబడుచుండును. ఈ మాసము నేను ఒక మాటను గూర్చి వ్రాయబూనితిని. "మాటలు చేను దున్నునా?" యని కొందరు నవ్వవచ్చును. కొన్ని మాటలు దున్నును. రైతు తన పశువును గూర్చి ఏ మాట వాడునో, ఆ మాటలోని భావమును బట్టియే దానితో మెలగుచుండును. కోడెను లొంగదీయవలెనని తలచినవాడు కర్ర చేతబట్టి దొడ్డిలోనికి పోవును. కోడెను మచ్చిక చేయవలెనని తలచినవాడు దోసెడు తవుడు పట్టుకొని పోవును. మొదటివాని కోడె మనిషి నీడను చూచినంతనే బెదరును. రెండవవాని కోడె అడుగుల చప్పుడు విని తల యెత్తి ఎదురుచూచును. తరువాత ఏండ్ల తరబడి ఆ కోడె చేయు సేద్యమంతయు ఈ మొదటి నెలపై నాధారపడి యుండును.

నేడు దుక్కిపని చాలవరకు ట్రాక్టరు వశమైనదని యెరుగుదును. మైలార్‌దేవ్‌పల్లి పరిసరములలో ఒకనాడు చేలుండిన తావుల యందు కర్మాగారములును, గోదాములును, ఇండ్లును వెలసినవి. కాటేదాను పారిశ్రామికవాడ ప్రక్కనే యున్నది. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెరువబడిన పిదప ఆ దిక్కున దున్నుటకన్న అమ్ముటయే లాభమను తలపు ప్రబలెను. అయినను పత్తిసాళ్ల నడుమ గుంటక తోలుటకును, కూరగాయల మడులకును, ట్రాక్టరు తిరుగ చోటులేని చిన్న కమతములకును ఎడ్లు లేనిదే జరుగదు. ఎడ్లు తగ్గినకొలది వానిని మచ్చిక చేయు నేర్పు గల పెద్దలును తగ్గిపోయిరి. పూర్వము వాడకొక్కడైనను అట్టివాడుండెడివాడు; కోడె మొండికెత్తిన వానిని పిలిచెడివారు. ఇప్పటి యువకుడు అప్పు చేసి కోడెల జతను కొనితెచ్చి, తొందరపడి తొలినాడే బరువు నాగలికి కట్టి, ఒకదాని కాలు కుంటుపరచుకొని, కాడి మూలబెట్టి అప్పు మాత్రము తీర్చుచుండుట అక్కడక్కడ కనబడుచున్నది. ఈ మాటను గూర్చి వ్రాయుటకు ముఖ్యకారణ మిదియే.

తెలుగున అడవిజంతువును మనుష్యునకు అలవాటు చేయుటకు రెండు మంచి మాటలు కలవు. ఒకటి మచ్చిక, రెండవది మాలిమి. బ్రౌను దొర 1852లో ప్రకటించిన నిఘంటువును గాని, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును గాని విప్పి చూచినయెడల, ఈ మాటలకు ప్రియము, చనువు, స్నేహము అను అర్థములు కానవచ్చును. మృగము మనుష్యునకు అలవాటుపడుట యను నర్థము ఆ ప్రియము నుండియే పుట్టినది. మన పొరుగుననున్న కన్నడమున మెచ్చుట యనగా ఇష్టపడుట; మన మెచ్చుకోలును, మచ్చికయును ఆ కుటుంబమునకు చెందినవనియే నా తలంపు. కావున తెలుగువాని నోట "కోడె మచ్చికయైన" దనగా, కోడె ఓడిపోయినదని యర్థము గాదు. కోడెకు మనిషియం దిష్టము కలిగినదని యర్థము. ఇంటికి క్రొత్తగా వచ్చిన పసిబిడ్డ చేయి చాచి మన యొడిలోనికి వచ్చినప్పుడును "నాకు మచ్చికయైనా" డనియే చెప్పుదుము. బిడ్డకును, కోడెకును ఒకే మాట.

మన తెలంగాణపు పల్లెలలో సాదుట యను మాట యొకటి కలదు. "బర్రెను సాదుకొన్నం", "అక్క బిడ్డను సాదుకొన్నం" అని యిండ్లలో వినుచుందుము. మేత పెట్టి, మందు పోసి, రాత్రి లేచి చూచి పెద్ద చేయుట యంతయు ఆ మాటలో నిమిడియున్నది. ఇతర ప్రాంతములవారు సాకుట యందురు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరు తిరిగి రైతుల నోటినుండి సేద్యపు మాటలను సేకరింపజేసి కూర్చిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయ పదములది, 1962లో వెలువడెను. పండితులు తమ మాటలను పుస్తకమున కెక్కించుట చూచి రైతు సంతసింపదగినదే గాని, ఆ మాటలు పుస్తకమున మాత్రమే మిగులకుండ చూచుకొనుటయు అవసరము.

సంస్కృతపు మాట వేరుదారిని నడచినది. దమించుట యనగా అణచుట. కాడి కెక్కింపదగిన వయసుగల కోడెకు దమ్యమని పేరు. ఇంద్రియములను అణచుకొనుట దమము, అణచుకొన్నవాడు దాంతుడు. దమయంతి పేరును, పంచతంత్రములోని దమనకుడను నక్క పేరును ఈ ధాతువునుండి పుట్టినవే. ఆంగ్లేయులు మచ్చికకు వాడు 'టేమ్' అను మాటయు దూరపు చుట్టమేయని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఏనుగులను వాని పనిని బట్టి నాలుగు తరగతులుగా విభజించి, మొదటి తరగతికి దమ్యములని పేరిడిరి. అనగా ఇంకను శిక్షణలో నున్నవి. నాలుగవ తరగతి వ్యాళములు, చెడ్డవి. ఎంత శిక్షించినను నమ్మరానివి. రాజుగారి గజశాలలోనే కొన్ని మచ్చిక కానివి యుండగా, సంతలో తక్కువ వెలకు దొరకు కోడెను గూర్చి మనము రెండుమారులు ఆలోచించుట మేలు.

దమనకుని పేరు తలచితిని గాన ఒక్కమాట. చిన్నయసూరిగారి నీతిచంద్రికను పాఠశాలలో చదివినవారికి మిత్రభేదములోని సంజీవకమను ఎద్దు గుర్తుండును. బండి లాగుచు కాలు విరిగి అడవిలో విడువబడిన ఆ యెద్దు, పచ్చిక మేసి బలిసి, ఱంకె వేయగా సింహమే బెదరిపోయెను. కథ కల్పితమే గాని, రైతు కండ్లతో చూచిన అందులో నిజము కలదు. మచ్చికయైన పశువును విడిచిపెట్టిన అది మరల అడవిదగును. ఆంబోతులుగా విడిచిన కోడెలను ఊరి బయట చూచినవారి కిది తెలియును. ఒకనాటి మచ్చిక ఒకనాటిదే; దినదినము కొంత కొంత చేయుచుండవలెను.

కోడెను కాడికి అలవాటు చేయుట

ఇక పనిలోనికి వత్తము. మచ్చిక కాడి వేయునాడు మొదలు పెట్టవలసినది కాదు. దూడ తల్లిపాలు త్రాగుచున్నపుడే దాని చెవులు, గంగడోలు, కాళ్లు, మూతి చేతితో నిమురుచుండవలెను. గిట్టలను ఎత్తి చూచుటకు అలవాటు చేసినయెడల, ముందు నాడ కొట్టించునప్పుడు నలుగురు మనుష్యులు త్రాళ్లతో పడవేయ నక్కరయుండదు. వృషణములను నొక్కించు పని పశువైద్యశాలలో బర్డిజో యను పట్కారుతో, చర్మము కోయకుండ, రక్తము కారకుండ చేయుదురు. కోడె ముదిరిన పిదప గాక చిన్నవయసుననే దీనిని చేయించుట మంచిది. రాళ్లతోను, కర్రలతోను నలుగగొట్టు పాతపద్ధతిని ఇకనైన మానవలెను. అది క్రూరము, ప్రమాదకరము. దానివలన కోడె మనిషిని జీవితాంతము శత్రువుగా చూచును.

ముకుతాడు వేయుట యేడాది, ఏడాదిన్నర వయసున జరుగును. ఈగలు ముసురు వానకాలమున ముక్కు కుట్టించరాదు, పురుగు పట్టును. కుట్టిన పిదప పుండు పూర్తిగా మానువరకు ఆ త్రాటిని పట్టి లాగరాదు. ఇక్కడ చాలమంది తప్పు చేయుచున్నారు. పచ్చిపుండును లాగిన త్రాడు పశువునకు నేర్పు పాఠ మొక్కటే: మనిషి చేయి దగ్గరకు వచ్చిన నొప్పి కలుగును. ఆ పాఠమును మరపించుటకు ఆరునెలలు చాలవు.

రెండు పండ్లు వేసిన కోడెను, అనగా రెండున్నర మూడేండ్ల వయసున, కాడికి అలవాటు చేయుట మొదలు పెట్టవచ్చును. పూర్తిపని నాలుగేండ్లు నిండువరకు చెప్పరాదు. మొదటి కొన్నిదినములు నాగలి, గుంటక ఏమియు లేక కేవలము కాడిని మెడపై నుంచి నీళ్లకు, మేతకు నడిపింపవలెను. ఆ కోడెకు జోడుగా, నిదానము గల ముసలి యెద్దును కట్టుట మన పెద్దల పద్ధతి. దానిని మించిన గురువు లేడు. ముసలి యెద్దు ఆగినచోట కోడె యాగును, తిరిగినచోట తిరుగును. ఎలపట అలవాటు చేసినదానిని ఎలపటనే, దాపట అలవాటు చేసినదానిని దాపటనే యుంచవలెను. మాటిమాటికి మార్చినయెడల తికమకపడును. పిదప ఒక తేలిక దుంగను లాగింపవలెను. దుంగ వెనుక చప్పుడు చేయుచు వచ్చుట దానికి మొదట భయము. ఆ భయము తీరిన తరువాత దున్నిన మెత్తని నేలలో తేలిక గుంటక. అటుపిమ్మట నాగలి. తొలిదినములలో ఉదయము చల్లని వేళ ఒక గంట చాలును. కోడె అలసి మొండికెత్తిన పిదప విప్పరాదు. అలయకముందే, అది చక్కగా నడచుచుండగనే విప్పి, మెడ నిమిరి, కాసింత ఉప్పు గాని బెల్లము గాని పెట్టవలెను. చక్కగా నడచిన పని ముగియునను సంగతి దాని మనస్సున నాటుకొనును.

పశువు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే దానికి చుట్టును చాల దూరము కనబడును. కాని సరిగా వెనుకవైపు మాత్రము కనబడదు. వెనుకనుండి నిశ్శబ్దముగా వచ్చి తోకపై చేయి వేసినవాని కది తన్నుట తన తప్పు గాదు. భుజము దిక్కునుండి, మాటాడుచు దగ్గరకు పోవలెను. ఆ మాటలును ఒక్క తీరున నుండవలెను. ప్రతి యూరికిని తనవైన అదలింపులు గలవు. ఏవైనను సరే, తండ్రి యొక తీరున, కొడుకు వేరొక తీరున, జీతగాడు మరియొక తీరున అరచినయెడల కోడె ఏ భాష నేర్చుకొనును?

తోక మెలిపెట్టుటయు, ములుగర్రతో పొడుచుటయు అనేకులకు అలవాటు. తోక మెలిపెట్టిన ఎముకలు విరుగును. సంతలో వంకరతోక యెద్దును చూచినప్పుడు దాని యజమానుని గుణము చదివినట్లే. చట్టమును దీనిని ఒప్పదు. 1960లో పశువులపై క్రూరత్వమును నివారించు చట్టము వచ్చెను. దానిక్రింద 1965లో ఏర్పడిన నియమముల ప్రకారము బరువులాగు పశువుచేత దినమునకు మొత్తము తొమ్మిది గంటలకు మించి గాని, విరామము లేక ఏకముగా ఐదు గంటలకు మించి గాని పని చేయింపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటు ప్రాంతములలో మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటలవరకు కాడి కట్టనే రాదు. ములుకులుగల కర్రలు నిషేధము. మన వేసవిని బట్టి చూడగా ఈ మధ్యాహ్నపు నియమము చైత్ర వైశాఖములలో దాదాపు ప్రతిదినమును వర్తించును.

జాతిని బట్టియు స్వభావము మారును. ఒంగోలు, దేవణి జాతులు నెమ్మదివి. అమృతమహల్ జాతి వడికిని, పౌరుషమునకును పేరుపొందినది. హైదరు, టిప్పుల కాలమున ఫిరంగిబండ్లు లాగినది అదియే. మన తెలంగాణలో నల్లమల అంచున, అమ్రాబాదు ప్రాంతమున పెరుగు పొడతూర్పు జాతి, అనగా ఒంటిపై పొడలుగల తూర్పు ఎడ్లు, కొండ రాళ్లలో నడచుటకు, తక్కువ మేతతో బ్రతుకుటకు అలవాటుపడినవి. అడవిలో మందగా మేసి పెరిగిన కోడెను తెచ్చువారు, మొదటి మాసము దానికి మనుష్యుల యలవాటు తక్కువయని గుర్తుంచుకొని ఓపిక పట్టవలెను. ఓపిక లేనివారు ఇంటిదొడ్డిలో పెరిగిన కోడెను కొనుట మేలు.

మచ్చిక వేరు, పెంపుడుజాతి వేరు

ఏనుగును పట్టి మచ్చిక చేయవచ్చును; వేలయేండ్లుగా చేయుచున్నారు. అయినను ఏనుగు పెంపుడుజాతి కాలేదు. మచ్చికయైన ఏనుగు పిల్లను మరల మొదటినుండి మచ్చిక చేయవలెను. ఆవు, మేక, కోడి అట్టివి కావు. తరతరములుగా మనిషి యేరి పెంచుటచే వాని పుట్టుకలోనే నెమ్మదితనము చేరినది. ఇది యెట్లు జరుగునో తెలిసికొనుటకు రష్యాదేశమున నోవోసిబీర్‌స్క్ నగరములో బెల్యాయెవ్ అను శాస్త్రజ్ఞుడు 1959లో నక్కలతో ఒక పరీక్ష ప్రారంభించెను. ప్రతి తరమునను మనిషిని చూచి తక్కువగా బెదరు కొద్ది నక్కలను మాత్రమే ఏరి వానికే సంతానము కలుగనిచ్చెను. ఇతర గుణ మేదియు చూడలేదు. కొన్ని తరములు గడచునప్పటికి ఆ నక్కలు కుక్కలవలె తోకలాడించుచు, మనిషి చేతిని నాకుచు వచ్చినవి. కొన్నింటి చెవులు వ్రేలాడినవి. ఒంటిపై తెల్లమచ్చలు పుట్టినవి. దీనిని బట్టి రైతు నేర్చుకొనదగిన దేమనగా, ఆంబోతును ఎన్నుకొనునప్పుడు మూపురమును, కొమ్ములను మాత్రమే చూచుట చాలదు. దాని గుణమును గూడ చూడవలెను. తన్ను ఆంబోతు బిడ్డలు తన్నుటకే మొగ్గుచుండును.

మన దక్కనులో ఈ పని యెప్పుడు మొదలైనదో నేలయే సాక్ష్యమిచ్చుచున్నది. పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలో ఉట్నూరను గ్రామము కలదు. ఆదిలాబాదు దిక్కున నున్న ఉట్నూరు వేరు. ఈ గ్రామమున బూడిదదిబ్బ యొకటి యుండగా, ఆల్చిన్ అను ఆంగ్ల పురావస్తు పండితుడు 1957లో దానిని త్రవ్వించెను. పొరలు పొరలుగా కాలిన పేడ బూడిద కనబడెను. దొడ్డి చుట్టు నాటిన గుంజల గుంటలు కనబడెను. అన్నిటికన్న వింత యేమనగా, ఆ పొరలలో పశువుల గిట్టల జాడలు చెక్కుచెదరక నిలిచియుండెను. అవి నాలుగువేల యేండ్లకు పైబడినవి. ఇనుము తెలియని కాలమున, రాతిగొడ్డలితో కర్ర నరికి దొడ్డి కట్టి, రాత్రి పశువులను తోలి, ప్రొద్దున విప్పినవారి పని యది. మన కడప దాటిన వెంటనే దొడ్డిలో కనబడు గిట్టజాడలకును, వానికిని భేదము లేదు. మైలార్‌దేవ్‌పల్లి పేరులోనున్న మైలారుదేవుడును మందలు కాయువారి దైవమే. మల్లన్నగా గొల్లలు, కురుమలు కొలుచువాడు.

వెర్రిపంటలు, మంచిపంటలు

మచ్చిక పశువులకే పరిమితమైన పని కాదు. తెలుగు రైతు అడవిమొక్కకు పెట్టిన పేర్లు గమనింపదగినవి. చేదైన అడవిపుచ్చ వెర్రిపుచ్చ. ఒడిసలకు వెర్రినువ్వులని పేరు. విత్తకయే మొలచినది పిచ్చిమొక్క. మనిషికి లొంగని మొక్క వెర్రిదని మన భావము. మొక్క దిక్కునుండి చూచిన, వెర్రి మనదే కావచ్చును: అది తన విత్తనమును తాను రాల్చుకొని, తన బిడ్డలను తాను మొలిపించుకొనుచున్నది, ఎవ్వరి సాయమును కోరలేదు.

వరినే తీసికొనుడు. అడవివరి గింజ పండినంతనే రాలిపోవును. ఆ గుణము లేకున్న దాని వంశము నిలువదు. మనిషి కోసి ఇంటికి తెచ్చుకొన్నవి రాలక కంకికి అంటియున్న గింజలే గనుక, వానినే మరల విత్తెను. అట్లు వేలయేండ్లు విత్తగా రాలని వరి పుట్టెను. 2006లో శాస్త్రజ్ఞులు ఈ రాలుడునకు సంబంధించిన జన్యువులను కనుగొనిరి. వానిలో ఒకదానియందు అత్యల్పమైన మార్పుచేతనే రాలుగుణము తగ్గినదని తెలిసెను. మనము కొడవలితో వరి కోయగలుగుట ఆ చిన్న మార్పు చలవయే.

నాట్లు మాని నేరుగా విత్తు పద్ధతి వ్యాపించుచున్నందున ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఇట్టి చేలలో కలుపువరి యనునది చేరును. మొదట మంచివరి వలెనే కనబడును. కాని కోతకు ముందే గింజ రాల్చును, గింజపై మీసముండును, బియ్యము ఎర్రగా నుండును, రాలిన విత్తు నేలలో నిద్రపోయి ఏండ్ల తరువాతను మొలచును. వరి మచ్చిక మరచి మరల వెర్రిదైనట్లే. మందు చల్లి దీనిని చంపబోయిన మంచివరియు చచ్చును, ఏలయన రెండును ఒకే వంశము. కల్తీలేని విత్తనము, విత్తుటకు ముందు ఒకసారి తడిపి మొలచినదానిని దున్నివేయుట, పూతకు ముందే ఏరిపారవేయుట, రెండుమూడేండ్ల కొకసారియైనను నాటు వేయుట: ఇవియే దానికి మందులు.

అయినను అడవివరిని పూర్తిగా శత్రువుగా చూడరాదు. మునుల యాహారముగా కావ్యములయందు వినబడు నీవారమే అది. చెరువుగట్ల వెంబడి, గుంటలలో పెరుగును. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి అను శాస్త్రజ్ఞులిద్దరు 1965లో ఈ జాతిని వర్ణించి, ఆ ప్రాచీన సంస్కృతపు పేరునే దానికి శాస్త్రనామముగా నుంచిరి. ఆ శాస్త్రిగారే అదే కాలమున మన ప్రక్కనున్న రాజేంద్రనగరమున అఖిలభారత వరి పరిశోధన సమన్వయ పథకమునకు తొలి సమన్వయకర్తగా నుండిరి. తరువాత ఫిలిప్పీన్సు దేశములోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు, మొక్కను కురచచేసి గడ్డిదుబ్బువలె మార్చు వైరసు తెగులు, సుడిదోమచే వ్యాపించునది, పంటను నాశనము చేయుచుండగా, దానికి తట్టుకొను వరికై వేలకొలది విత్తనములను పరీక్షించిరి. తట్టుకొన్నది ఉత్తరప్రదేశమునుండి వచ్చిన నీవారపు విత్త మొక్కటే. దాని గుణమును చేర్చి పుట్టించినవానిలో 1976లో విడుదలైన ఐ.ఆర్. 36 యొకటి, అది ఆసియాఖండమంతట లక్షల ఎకరములలో సాగైనది. మచ్చికకు లొంగని గడ్డి మచ్చికయైన పంటను కాపాడెను. మీ గుంటలో అట్టి గడ్డి కనబడినయెడల చేనిలోనికి రానీయకుడు గాని, గుంటలోనిదానిని తగులబెట్టవలదు.

కట్టు, కట్ట

నీరును మచ్చిక చేయవలసినదే. పశువును కట్టుటకును, చెరువునకు కట్ట వేయుటకును మనము ఒకే మాట వాడుచున్నాము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలమంది ప్రాణములను బలిగొనెను. అటుపిమ్మట విశ్వేశ్వరయ్యగారిని రప్పించి ఆలోచన తీసికొనిరి. నీటిని ఎగువనే నిలిపి కొద్దికొద్దిగా విడువవలెనని ఆయన సలహా. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీనదిపై మన సమీపముననే హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. పగ్గము బిగించి పట్టుట కాదు, కొంత వదలి పట్టుట యని యెద్దు తోలువానికి తెలియును. ఆ జలాశయముల తలుపుల పని యదియే.

చిన్నచెరువునకు తలుపులు లేవు, అలుగు కలదు. అలుగుట యనగా కోపగించుట. చెరువు అలుగు వేరు మాట. అయినను అలుగు మూసిన చెరువు నిజముగనే అలుగును. 2020 అక్టోబరు మధ్యలో కురిసిన మహావర్షములకు మైలార్‌దేవ్‌పల్లి పల్లెచెరువు పొంగి అలీనగరు వీథులపై పడెను. ఒక కుటుంబమువారే అనేకులు కొట్టుకొనిపోయిరి. గగన్‌పహాడు వద్ద అప్పచెరువు కట్ట తెగి బెంగుళూరు రాజమార్గము కోసికొనిపోయెను. చెరువుల శిఖము భూములలోను, అలుగు కాలువల పైనను గోడలు లేచినచోట నీటికి పోవు దారి యుండదు. పూర్వము ఆ కాలువలను ఏటేట త్రవ్వుకొనుట ఆయకట్టు రైతుల పని. ఆయకట్టు పోయినచోట ఆ పని ఎవ్వరిదియు కాకపోయెను.

శంషాబాదు దిక్కున ఇంకను చెరువు నమ్ముకొని సేద్యము చేయు సభ్యులు మృగశిర కార్తెకు ముందే తమ చెరువు కట్టపై ఒకసారి ఆమూలాగ్రము నడువవలెను. ఎలుకబొరియలు, పందులు త్రవ్విన చోట్లు, కట్టలో వేరు పారిన చెట్లు గుర్తింపవలెను. కట్ట దిగువవైపున ఎండకాలమున గూడ పచ్చగానుండు తావు కనబడిన అక్కడ నీరు ఊరుచున్నదని తెలియవలెను. తూము తలుపు ఎత్తి, దించి చూడవలెను. తుప్పు పట్టినది వానలో కదలదు. అలుగు కాలువ వెంబడి అది కలియు వాగు వరకు నడచి, అడ్డముగా ఏమి యున్నను కొలత వేసి, ఊరు, సర్వే నంబరు వ్రాసి, సంఘ కార్యదర్శిగారికి అందజేయవలెను. పదిమంది సంతకములతో పోయిన కాగితమునకు ఒక్కని సంతకముతో పోయినదానికన్న అధికారుల యొద్ద బరువెక్కువ. కాగితము నకలు సంఘ దస్త్రములో నుంచబడును.